బరువు తగ్గడం ఆగిపోయాక ఈ ఫాలో-అప్ ప్యాకేజీ పనికొచ్చిందా?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు డిశ్చార్జ్ రోజున బిల్లుతో పాటు ఇంకో కాగితం కూడా చేతిలో పెడతారు. ఏడాదిన్నర ఫాలో-అప్ ప్యాకేజీ అంటారు దాన్ని. డైటీషియన్ ఫోన్ కాల్స్, రక్తపరీక్షలు, మొబైల్ యాప్, వాట్సాప్ గ్రూప్, నెలకోసారి అందరితో వీడియో మీటింగ్, ఒక చిన్న కిట్టు. నేను 24,000 రూపాయలు కట్టాను. ఆపరేషన్ డబ్బు ఇన్సూరెన్స్ ఇచ్చింది గానీ దీనికి పైసా ఇవ్వలేదు. అది హైదరాబాద్ ఆసుపత్రి. పేరు రాయను. కింద నా ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, పైగా గ్రూపుల్లో విన్నదాన్ని బట్టి ఇలాంటి ప్యాకేజీలు చాలా చోట్ల ఇంచుమించు ఇట్లాగే ఉన్నాయి.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దంతా కుర్చీలో కూర్చునే పని, చుట్టూ బియ్యం. ఆపరేషన్‌కు ముందు 128 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 43. షుగర్ ఉంది, బీపీ ఉంది, రాత్రి ముక్కుకు మాస్కు పెట్టుకుంటే తప్ప నిద్ర లేదు. మన దేశంలో ఇన్సూరెన్స్ వాళ్లు ఈ ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వాలంటే బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదంటే 35 ఉండి అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బో ఉండాలి. నాకు మొదటిదే సరిపోయింది. చేసింది స్లీవ్, అంటే కడుపులో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుట్టడం.

ముందే తేల్చి చెప్తాను. ఈ ప్యాకేజీలో డైటీషియన్ ఒక్కరే ఉన్నా నేను డబ్బు కట్టేవాణ్ని. యాప్ ఊరికే ఇచ్చినా వద్దు. గ్రూపు మంచీ చెడూ రెండూ. రక్తపరీక్షలు మంచివే గానీ ఏర్పాటు బాగాలేదు. ప్రొటీన్ పౌడర్ వాళ్లు చెప్పినంత కాలం అక్కర్లేదు.

అయితే ఇదంతా మొదటి ఆరు నెలల్లో తెలియలేదు. ఆ రోజుల్లో ఎవరు సలహా ఇచ్చినా, ఇవ్వకపోయినా బరువు తగ్గుతూనే ఉంటుంది. కడుపు చిన్నదైపోయింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగమే తీసేశారు, నాలుగు చెంచాలకే చాలనిపిస్తుంది. డైటీషియన్ ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారు సార్’ అంటే ‘బ్రహ్మాండం మేడమ్’ అని పెట్టేసేవాణ్ని. అప్పటి రివ్యూలు చదివి ఎవరూ ప్యాకేజీ తీసుకోకండి. అవన్నీ ఆపరేషన్‌కు ఇచ్చిన మార్కులు.

మూడో వారంలో ఒకసారి మాత్రం చిన్న టెన్షన్ వచ్చింది. గబగబా తగ్గుతున్న బరువు వారం పైన అక్కడే ఆగిపోయింది. దీనికి గ్రూపులో రకరకాల పేర్లు, రకరకాల భయాలు. నాకు మాత్రం వడ్ల లెక్కలాగే కనిపించింది. కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లు ఆరబోస్తే మొదట్లో బస్తా తూకం సర్రున పడిపోతుంది, పోయేదంతా నీరే. మాయిశ్చర్, అంటే తేమ, 17 శాతానికి దిగాక అదే ఎండలో ఉంచినా కాటా అంతగా కదలదు. ఒంట్లోనూ మొదట కరిగేది కండల్లో, కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర, దాన్నే గ్లైకోజెన్ అంటారు. అది గ్రాము పోతే దాన్ని పట్టుకుని ఉన్న నీరు ఇంచుమించు మూడు గ్రాములు పోతుంది. కాస్త తిండి మొదలుకాగానే ఆ నిల్వ కొంత మళ్లీ నిండుతుంది, నీరూ తిరిగి వస్తుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా ముల్లు కదలదు. ఇది ఎవరూ ఏమీ చేయకుండానే దాటిపోయింది.

అసలు పరీక్ష తొమ్మిదో నెల దాటాక వచ్చింది. 94 దగ్గర బండి ఆగింది. రెండు నెలల పైన అక్కడే. మా మిల్లులో బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా ఉంటుంది, గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. పొద్దున ఆఫీసు తాళం తీయగానే దాని మీద నిలబడడం అలవాటైంది. హమాలీలు కూడా చూసేవాళ్లు. వాళ్లలో పెద్దాయన ఒకరు మొదట్లో ‘సారూ, బియ్యం బస్తా దిగిపోయినట్టుంది గదా మీ మీదికెళ్లి’ అని సంబరపడేవాడు. ఇప్పుడు అదే మనిషి కాటా వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా తలపాగా సర్దుకునేవాడు. ఇంట్లో అమ్మ బాధ వేరు: ‘గింత కోయించుకున్నవు, గింతే తింటున్నవు, ఇంకా తగ్గకపోవుడేంది కొడుకా.’ చుట్టాలైతే నేరుగానే అడిగారు, ఆపరేషన్ ఫెయిలయిందా అని.

యాప్ ఈ సమయంలో చేసిన పని చెప్తాను. రోజూ బరువు ఎక్కించమంటుంది. ఎక్కించాను. వరుసగా అదే అంకె వచ్చేసరికి గీత ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారింది. పొద్దున ఏడింటికి మెసేజ్ వస్తుంది, మీరు మీ లక్ష్యానికి దూరమవుతున్నారని. అదీ ఇంగ్లిష్‌లో, కావాలంటే హిందీలో. తెలుగు లేదు. మా అమ్మకు చదివి వినిపిస్తే ‘ఆ ఫోన్ తీసి అవతల పారెయ్యి’ అంది. పొద్దున లేచీ లేవంగానే తిట్టే యంత్రానికి డబ్బు కట్టడమేమిటో నాకూ అర్థం కాలేదు. ఎరుపు గీత చూసి బాధలో ఇంకో రెండు బిస్కెట్లు తినేవాళ్లు ఉంటారు గానీ, ఉత్సాహం తెచ్చుకునేవాళ్లు ఉంటారా? నోటిఫికేషన్లు ఆపేశాను. కొన్నాళ్లకు యాప్‌నే తీసేశాను.

డైటీషియన్ మేడమ్ పనితనం అప్పుడే బయటపడింది. ఫోన్ చేసి బరువు ఎంత అని అడగలేదు. మూడు రోజుల పాటు నోట్లోకి పోయే ప్రతిదానికీ ఫొటో తీసి పంపమన్నారు. ‘చాయ్ కూడా సార్. ఎవరైనా చేతిలో పెట్టిన ప్రసాదం కూడా.’ నాలుగో రోజు ముప్పావు గంట మాట్లాడారు. మొత్తం 24,000 లోంచి విలువ ఉన్న ముప్పావు గంట ఏదంటే అదే.

ముందు ఒక లెక్క చెప్పారు, లెక్కల మనిషిని కాబట్టి నాకు బాగా ఎక్కింది. ‘సార్, 128 కిలోల ఒంటిని నడపడానికి అయ్యే ఖర్చు వేరు, 94 కిలోల ఒంటికి అయ్యే ఖర్చు వేరు. పైగా తిండి తగ్గిందని తెలిసి ఒళ్లు తన ఖర్చు ఇంకా తగ్గించుకుంటుంది. మొదట్లో మీరు తినేదానికి, ఖర్చయ్యేదానికి మధ్య పెద్ద తేడా ఉండేది, ఇప్పుడది మూసుకుపోతోంది. ఇందులో ఫెయిలవడం ఏమీ లేదు.’ బరువు తగ్గే వేగం ఆరు నెలల తర్వాత అందరికీ మందగిస్తుందట. చాలామంది తమ కనిష్ఠ బరువుకు చేరేది ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో. ఆ తర్వాత కొంచెం పైకి రావడం కూడా మామూలే.

తర్వాత ఫొటోల మీదికి వచ్చారు. ప్రొటీన్ కలిపి చూస్తే రోజుకు 40 గ్రాముల దగ్గర తేలింది. రెండు గుడ్లు 12, చిన్న గిన్నె పప్పు 5, పెరుగు 4, ఒకపూట నాలుగు చికెన్ ముక్కలు, మిగతాది చాయ్‌లో పాలు. ఈ ఆపరేషన్ తర్వాత కనీసం 60 గ్రాములు ఉండాలి, నా ఒంటికి 70 పైన పెట్టుకోమన్నారు. అది తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కండ పోతే ఒంటి ఖర్చు ఇంకా పడిపోతుంది. ఇక చాయ్. మిల్లులో చాయ్ అడిగి తాగేది కాదు, దానంతటదే వస్తుంది. లారీ డ్రైవర్ వస్తే చాయ్, రైతు వస్తే చాయ్, సివిల్ సప్లైస్ నుంచి ఎవరైనా వస్తే చాయ్, సమోసా. చిన్న గ్లాసే అయినా రెండు చెంచాల చక్కెర అంటే 40 కేలరీలు, పాలు వేరే. అలాంటివి ఆరు.

సాయంత్రం మిక్చర్ గురించి ఆవిడ చెప్పిన ముచ్చట మాత్రం నాకు పూర్తిగా కొత్త. నాటుకోడి కూర నాలుగు ముక్కలు తింటే కడుపు నిండిపోయి ఐదోది పోదు. అదే మురుకులో, మిక్చరో, బిస్కెట్లో అయితే గంటసేపు తింటూ కూర్చున్నా అడ్డు లేదు. ఎందుకంటే నమిలితే పిండిలా కరిగి, ఆ సన్నని గొట్టం గుండా జారిపోతాయి. చికెన్, గుడ్డు, గుగ్గిళ్లు అయితే అక్కడ కాసేపు కూర్చుంటాయి. కడుపు చిన్నదైనా చిరుతిండికి తలుపు తెరిచే ఉంటుందన్నమాట. అన్నం తింటూ నీళ్లు తాగొద్దని, తిన్నాక అరగంట ఆగమని మొదటి రోజు నుంచీ చెప్తున్నదానికి కారణం కూడా ఇదేనట. నీళ్లతో కలిస్తే తిన్నది త్వరగా దిగిపోతుంది, కడుపు నిండిన భావం ఎక్కువసేపు నిలవదు. కారణం ముందే చెప్పి ఉంటే బాగుండేది. నియమాల కాగితంలో కారణాలు లేవు.

ఇక్కడ ఒక ఫిర్యాదు. డిశ్చార్జ్ నాడు ఇచ్చిన డైట్ చార్టు ఎవరి కోసం రాశారో దేవుడికే తెలియాలి. ఓట్స్, టోఫు, అవకాడో, కినోవా ఉప్మా. మిర్యాలగూడలో అవకాడో కోసం తిరగమంటారా? మా మెడికల్ షాపు పిల్లాడికి ఆ పేరు చెప్తే టానిక్ అనుకున్నాడు. అందుకే మేడమ్ ఫోన్‌లోనే కొత్తది రాయించారు, నేను లెడ్జర్ వెనక పేజీలో రాసుకున్నాను. పొద్దున రెండు గుడ్లు, ఒకదానిలో పచ్చసొన తీయాల్సిన పని కూడా లేదు. పదకొండింటికి నానబెట్టిన పెసర్ల గుగ్గిళ్లు గుప్పెడు, ఉల్లిగడ్డ, నిమ్మకాయతో. మధ్యాహ్నం ముందు కూర, తర్వాత సగం జొన్న రొట్టె, ఇంకా చోటుంటే రెండు ముద్దల అన్నం, ఈ వరుస మారకూడదు. మాంసం వండని రోజు మీల్ మేకర్. ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో 50 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రి చేప. సాగర్ నుంచి బొచ్చె, రవ్వ ఎట్లాగూ వస్తాయి. పులుసు తక్కువ, ముక్క ఎక్కువ. పచ్చిపులుసు, చారు తాగొచ్చు గానీ వాటిని భోజనం లెక్కలో రాయొద్దు. అంబలి కూడా అంతే, వేసవిలో మంచిదే, పలచగా తాగితే ప్రొటీన్ ఏమీ రాదు.

ఎవరో గ్రూపులో కల్లు గురించి అడిగారు. నల్గొండ జిల్లా మనుషులం, ఎవరో ఒకరు అడగక తప్పదు. మేడమ్ తిట్టలేదు. ఈ ఆపరేషన్ల తర్వాత మత్తు త్వరగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది, అలవాటు ముదిరే ప్రమాదం మామూలు మనుషుల కన్నా ఎక్కువ, పైగా తాగే కేలరీలను కడుపు ఆపలేదు అని నాలుగు వాక్యాల్లో చెప్పి వదిలేశారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. కారణం చెప్పి నిర్ణయం మనకు వదిలేస్తారు.

ఉత్సాహం నిలవడం సంగతి. దానికి ఆవిడ చేసింది ఒక చిన్న మార్పు. రోజూ కాటా ఎక్కడం మానేయించారు. వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున, ఇంట్లో, ఒకే మిషన్ మీద. దాని పక్కన ఇంకో నాలుగు అంకెలు రాయమన్నారు: బొడ్డు దగ్గర నడుము కొలత, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలను, పొద్దుటి షుగర్, ఆ వారం ఎన్ని రోజులు ప్రొటీన్ నిండింది. ముల్లు 94 మీద మొండికేసిన ఆ రెండు నెలల్లో నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. కుర్చీ లెక్క తొమ్మిది నుంచి పద్నాలుగుకు పెరిగింది. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ ఆపరేషన్‌కు ముందు 8.4 ఉండేది, 5.8కి దిగింది. బీపీ మాత్ర డాక్టర్ సగం చేశారు. ఇవన్నీ కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి ఉంటే చుట్టాలకు జవాబు చెప్పడం తేలికైంది. మా స్టేషన్‌లో వంతెన ఎక్కి రెండో ప్లాట్‌ఫాంకు పోవడానికి ఒకప్పుడు మధ్యలో ఆగి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించేవాణ్ని. ఇప్పుడు రైలు కూత వినపడ్డాక ఇంటి నుంచి బయల్దేరినా అందుతుందని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

నెలవారీ వీడియో మీటింగ్‌లు చాలావరకు వృథా. మైకు ఆపుకోని వాళ్లు, వెనక టీవీ, ‘మేడమ్, వినపడుతోందా’. ఒక్క మీటింగ్ మాత్రం గుర్తుండిపోయింది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఇలాంటి ఆపరేషన్లు అయినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం చూపించారు. సగటున రెండేళ్లకు మొత్తం బరువులో 23 శాతం తగ్గారు, పదేళ్లకు చూస్తే అది 17 శాతం, ఇరవై ఏళ్లకు 18. అంటే కొంత తిరిగి వచ్చింది, మిగతాది నిలిచింది. ఆపరేషన్ చేయించుకోనివాళ్ల బరువు అన్నేళ్లలో దాదాపు అక్కడే ఉంది. అప్పట్లో ఎక్కువమందికి చేసినవి వేరే రకం ఆపరేషన్లు, స్లీవ్ కాదు, ఆ సంగతి కూడా వాళ్లే చెప్పారు. కొందరికి ఈ అంకెలు నచ్చలేదు, చాట్‌లో ఏడుపు బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం అప్పుడే ఊపిరి తీసుకున్నట్టయింది. 128 నుంచి 94 అంటే దాదాపు 27 శాతం. పెళ్లినాటి 70 కిలోలకు రావాలని అప్పటిదాకా నాకు నేను పెట్టుకున్న లక్ష్యం ఏ పుస్తకంలోనూ లేదు.

అదే మీటింగ్‌లో బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ప్రశ్న వచ్చింది. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి గ్రూపులో ఇదే గోల. బరువు ఆగిన ప్రతివాళ్లకూ ఎవరో ఒకరు ‘అది పొడిపించుకో అన్నా’ అని చెప్తారు. ఆసుపత్రి వాళ్లు దాన్ని అమ్మడానికి చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు. ఆపరేషన్ తర్వాత బరువు బాగా తిరిగి పెరిగినవాళ్లకు, లేదా తగ్గాల్సినంత తగ్గనివాళ్లకు డాక్టర్ చూసి రాయొచ్చు, ఏడాది కూడా నిండకుండా రెండు నెలలు ముల్లు ఆగినందుకు కాదు అన్నారు. ఆసుపత్రి మీద కాస్త నమ్మకం పెరిగింది అక్కడే.

ప్రొటీన్ పౌడర్ దగ్గర మాత్రం ఆ నమ్మకం మళ్లీ తగ్గింది. వాళ్ల సొంత డబ్బా 2,900. ప్రతి కాల్ చివర ‘పౌడర్ అయిపోయిందా సార్’ అని అడుగుతారు, అడిగేది డైటీషియన్ కాదు, కాల్ కలిపే అమ్మాయి. మొదటి రెండు నెలలు గట్టి తిండి దిగనప్పుడు అది నిజంగా అవసరం, వనిల్లా వాసనకు కడుపులో తిప్పినా తాగాలి. నాలుగో నెలకు గుడ్డు, చేప, చికెన్ హాయిగా దిగుతున్నప్పుడు ఎందుకు? ఒక స్కూపులో 24 గ్రాములు, నాలుగు గుడ్లలోనూ అంతే. గుడ్లు ముప్పై రూపాయలకు అటూ ఇటూగా వస్తాయి. ప్రయాణాల్లో, యాసంగి కొనుగోళ్ల రోజుల్లో తిండికి వేళాపాళా లేనప్పుడు మాత్రం సంచిలో ఒక పొట్లం పెట్టుకుంటాను.

విటమిన్ల విషయంలో ప్యాకేజీకి పూర్తి మార్కులు. బరువు తగ్గడం ఆగినా ఈ మాత్రలు ఆగవు, జీవితాంతం వేసుకోవాలి, దీన్ని వాళ్లు ప్రతిసారీ గుర్తు చేశారు. ఆరో నెల పరీక్షలో బీ12 తక్కువ వచ్చింది, ఇంజెక్షన్ రాశారు. ఇక్కడి మెడికల్ షాపులో కాల్షియం అడిగితే కార్బొనేట్ మాత్రలు ఇస్తారు. మనకు కావాల్సింది సిట్రేట్, కడుపులో ఆమ్లం తక్కువైనా అది ఒంటికి పడుతుంది. చీటీ చూపించి పట్టుబట్టి తెప్పించుకోవాలి. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల ఎడం. ఐరన్ వేసుకుని వెంటనే చాయ్ తాగితే సగం దండగ.

కానీ రక్తపరీక్షలు ప్యాకేజీలో ఉన్నాయంటే మన ఊళ్లో చేయించుకోవచ్చు అనుకోకండి. వాళ్ల ల్యాబులోనే చేయించాలి, హైదరాబాద్‌లోనే, పరగడుపున. అంటే ముందురోజు రాత్రి వెళ్లి ఎవరింట్లోనో పడుకోవాలి, లేదా తెల్లవారుజామునే రైలెక్కాలి. ఒక రోజు జీతం, చార్జీలు. నల్గొండలో సూర్యోదయానికి ముందే తెరిచే ల్యాబులు ఉన్నాయి. అక్కడి రిపోర్టు ఒప్పుకోండి, డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా సరే అన్నాను. కుదరదన్నారు. జిల్లాల నుంచి వచ్చే వాళ్లే సగం మంది ఉండి, ప్యాకేజీ మాత్రం హైదరాబాద్ వాళ్ల కోసమే రాసినట్టుంది.

ఇంకో పెద్ద లోపం రాత్రిపూట నంబర్. ‘24 గంటల హెల్ప్‌లైన్’ అని కాగితం మీద ఉంది. ఒక రాత్రి చేప ముక్క సరిగ్గా నమలకుండా మింగితే అది అడ్డం పడి, వాంతులు. ఫోన్ చేస్తే ఎత్తినాయన తాను సెక్యూరిటీనని, పొద్దున తొమ్మిదికి చేయమని చెప్పాడు. నాకు గంటలో సర్దుకుంది. అందరికీ అలా సర్దుకోదు. నీళ్లు కూడా నిలవకపోయినా, కడుపులో భరించలేని నొప్పి వచ్చినా ఏ హెల్ప్‌లైన్ కోసమూ చూడకుండా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి ఫలానా ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి. వాంతులు ఆగకుండా సాగితే బీ1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతింటాయి, అది ఆలస్యం చేసే విషయం కాదు.

వాట్సాప్ గ్రూపు గురించి రెండు ముక్కలు. ముందు-తర్వాత ఫొటోలు ఎక్కువ. ‘ఆరు నెలల్లో 50 కిలోలు’ అని ఒకరు పెడతారు. ఆయన 170 నుంచి మొదలయ్యాడని, చేసింది స్లీవ్ కాదు, పేగును కూడా దారి మళ్లించే బైపాస్ అని ఎక్కడో కింద ఉంటుంది. బరువు ఆగినవాళ్లు ఆ రోజుల్లో గ్రూపులో మాట్లాడరు, అందుకే ఆగడం మనకొక్కరికే జరిగిందనిపిస్తుంది. వనపర్తి నుంచి ఒక అక్క మాత్రం పెరిగినా తగ్గినా తన అంకె ఆదివారం ఆదివారం పెడుతుంది, వ్యాఖ్య ఏమీ ఉండదు. ‘81.2’. తర్వాతి వారం ‘81.6’. ఆ అక్క వల్ల నేను గ్రూపులో మిగిలాను. జుట్టు రాలడం గురించి ఆడవాళ్లు ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడం కూడా బాగుంది. మూడో నెల నుంచి చాలామందికి రాలుతుంది, తిండి, ఐరన్ సరిగ్గా ఉంటే కొన్ని నెలలకు మళ్లీ వస్తుందని ముందే తెలిసినవాళ్లు కొత్తవాళ్లకు చెప్తారు. ఆ పని ఏ యాప్ చేయలేదు.

కిట్టులో ఇచ్చిన రబ్బరు బ్యాండ్లు, రెండు వీడియో క్లాసులు పర్వాలేదు. నడక ఒక్కటే చాలదు, కండ నిలవాలంటే బరువు ఎత్తాలి అన్నారు. సర్జన్ సరేనన్నాక మిల్లులోనే ఐదు కిలోల బియ్యం సంచులతో మొదలుపెట్టి పదికి వచ్చాను. మధ్యాహ్నం భోజనాల వేళ గోడౌన్‌లో ఎవరూ ఉండరనుకుంటాను, కానీ ఆ పెద్ద హమాలీ ఎక్కడి నుంచో వచ్చి ‘నడుము వంచకుండ్రి సారూ, మోకాళ్లు వంచుండ్రి’ అని సరిదిద్దుతాడు. వీడియోలో కోచ్ చెప్పింది కూడా అదే.

పదకొండో నెల చివర్లో ముల్లు కదిలింది. చాయ్ రెండుకు దిగి, గుగ్గిళ్లు మిక్చర్ స్థానంలోకి వచ్చి, ప్రొటీన్ 70 చుట్టూ నిలబడ్డాక, నెలకు కిలో, కిలో లోపు. ఇప్పుడు 89. మేడమ్ ముందే చెప్పారు, ఇది ఇక్కడే ఆగొచ్చు, కనిష్ఠం నుంచి ఐదు కిలోలు పైకి పోతే మాత్రం సిగ్గుపడి దాక్కోకుండా ఫోన్ చేయమని.

రెన్యువల్ ఏడాదికి 15,000 అని ఫోన్లు వస్తున్నాయి. కట్టలేదు. అడిగితే తెలిసింది, డైటీషియన్ కాల్ విడిగా 600కు ఇస్తారట, ఆ సంగతి కాగితంలో ఎక్కడా లేదు. మూడు నెలలకోసారి అదొక్కటి తీసుకుంటున్నాను, పరీక్షలు నల్గొండలో చేయించి రిపోర్టు ఆవిడకే నేరుగా పంపుతున్నాను. కొత్తగా డబ్బు కట్టబోయేవాళ్లు కౌంటర్‌లో ఉన్నవాళ్లను కాదు, డైటీషియన్‌ను కలిసి అడగండి: తొమ్మిదో నెల తర్వాత కాల్స్ ఎన్ని, ఫోన్‌లో మాట్లాడేది ప్రతిసారీ ఒకే మనిషా, మా ఊరి ల్యాబు రిపోర్టు చెల్లుతుందా, రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారు. మా ప్యాకేజీలో పదహారు కాల్స్ ఉంటే పది మొదటి ఆరు నెలల్లోనే అయిపోయాయి.